చిన్న ఊరి హోటళ్ళలో గోధుమ తగలకుండా పిల్లాడికి తిండి పెట్టడం ఎలా?

మీరు అడిగింది ఇది: తొమ్మిదేళ్ళ మీ బాబుకి ఈ మధ్యే సీలియాక్ వ్యాధి అని తేలింది, అంటే గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు. దగ్గరి బంధువుల పెళ్ళికి హైదరాబాద్ నుంచి బొబ్బిలి వెళ్ళాలి, నాలుగు రోజులు లాడ్జిలో ఉండాలి. అక్కడ గ్లూటెన్ లేని భోజనం పెట్టే హోటల్ ఉంటుందా, లేకపోతే ప్రయాణమే మానుకోవాలా అని.

వెళ్ళండమ్మా. పిల్లాడిని కూడా తీసుకెళ్ళండి. కానీ గ్లూటెన్ ఫ్రీ అని బోర్డు పెట్టిన హోటల్ కోసం వెతుకుతూ టెన్షన్ పడకండి, అంత చిన్న ఊళ్ళో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. దొరికేది ఏమిటంటే మామూలు హోటల్లోనే మీ బాబు తినగలిగే నాలుగైదు పదార్థాలు. పొద్దున ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ, మధ్యాహ్నం తెల్లన్నం, నెయ్యి, పెరుగు, అడిగి తెలుసుకున్న ఒక కూర, రాత్రికి మీ పెట్టెలోంచి తీసేవి. వెతకాల్సింది హోటల్ని కాదు, సరైన పదార్థాన్ని, సరైన వేళని, వంట చేసే మనిషిని. ఈ మూడూ కుదిరితే నాలుగు రోజులు గడిచిపోతాయి.

నాకు ఈ జబ్బు 2012లో బయటపడింది. రెండేళ్ళ పాటు రక్తహీనత అని ఐరన్ మాత్రలు మింగాక, బరువు బాగా తగ్గాక, చివరికి రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి చెప్పారు. గోధుమ ఎక్కువ తినే ఉత్తరాదితో పోలిస్తే మన వైపు ఇది అరుదు కాబట్టి తేలడానికి ఆలస్యం అవుతుంది. నాది విత్తనాల కంపెనీలో ఉద్యోగం. నెలలో సగం రోజులు పార్వతీపురం, పాలకొండ, నర్సీపట్నం, నంద్యాల, ఆదోని, జగిత్యాల లాంటి ఊళ్ళలోనే గడుస్తాయి. కాబట్టి కింద రాసేదంతా నేను బయట తిని నేర్చుకున్నదే. మీ బాబు వైద్యం విషయంలో మాత్రం మీ డాక్టరు మాటే ఆఖరు.

ముందు, మాట్లాడే మాట మార్చుకోవాలి. హోటల్లో 'గ్లూటెన్' అంటే ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. సరే అని 'గోధుమ' అంటే సరిపోతుందా అంటే అదీ చాలదు. వంట చేసేవాళ్ళ లెక్కలో గోధుమ అంటే చపాతీ పిండి ఒక్కటే. మైదా వేరు, బొంబాయి రవ్వ వేరు, సేమియా వేరు. 'ఇందులో గోధుమ లేదండీ' అని నిజాయితీగానే చెప్పి మైదా బోండాలు తెచ్చి ముందు పెడతారు. అందుకని ప్రతిదీ పేరు పెట్టి అడగాలి: గోధుమపిండి, మైదా, ఉప్మా రవ్వ, సేమియా, బ్రెడ్డు పొడి, బార్లీ. ఇంకో సంగతి, విజయనగరం, శ్రీకాకుళం వైపు రవ్వని 'నూక' అనడం వింటారు. ఇడ్లీ నూక బియ్యంది, ఉప్మా నూక గోధుమది. ఒట్టి 'నూక' అని చెబితే ఏ నూకో మళ్ళీ అడగండి. అలాగే 'రొట్టె' అంటే మినపరొట్టె కావచ్చు, చపాతీ కావచ్చు, బేకరీ బ్రెడ్డు కూడా కావచ్చు.

రెండో మాట 'పడదు'. 'మా బాబుకి గోధుమ పడదండీ' అంటే వినేవాళ్ళు వంకాయ పడనివాళ్ళతో సమానంగా తీసుకుంటారు. కొంచెం తగిలితే ఏమవుతుందిలే అనుకుంటారు. నేను చాలా ఏళ్ళు ఈ మాటే వాడి నష్టపోయాను. తరవాత ఒకసారి పాలకొండలో భోజన హోటల్ నడిపే ఒక పెద్దావిడ నా మాటలన్నీ విని, 'అంటే పథ్యం అన్నమాట' అన్నారు. ఆ రోజు నుంచి నేను ఆ మాటే వాడుతున్నాను. 'పిల్లాడు పథ్యంలో ఉన్నాడు, డాక్టరుగారు గోధుమ, మైదా, రవ్వ ముట్టుకోవద్దన్నారు' అని చెప్పి చూడండి. పథ్యం అంటే ఏమిటో, అది తప్పితే ఏమవుతుందో మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. పచ్చకామెర్లకి, బాలింతలకి పథ్యం వండిపెట్టిన చేతులే అవి. గరిటె మార్చమన్నా, గిన్నె కడగమన్నా విసుక్కోకుండా చేస్తారు.

మూడోది, 'మైదా వేస్తారా?' అని అడగకండి. 'ఏమేం వేస్తారు?' అని అడగండి. మొదటి ప్రశ్నకి మన సంతోషం కోసం 'లేదండీ' అనేస్తారు. నంద్యాలలో ఒక టిఫిన్ సెంటర్లో నెలల తరబడి సాదా దోశ తిన్నాను. వెళ్ళి వచ్చిన ప్రతిసారీ కడుపుబ్బరం, నీరసం. అడిగితే బియ్యం, మినప్పప్పే అనేవారు. ఒకరోజు పెనం దగ్గర నిలబడి 'దోశ ఇంత ఎర్రగా, కరకరలాడుతూ ఎలా వస్తుంది మాస్టారూ, ఏం కలుపుతారు?' అని అడిగాను. ఆయన మురిసిపోయి, రుబ్బిన పిండిలో రెండు గుప్పెళ్ళ మైదా కలుపుతానని రహస్యంలా చెప్పాడు. ఆయన నన్ను మోసం చేయలేదు. నేను అడిగింది సర్వర్ని, పిండి కలిపింది ఆయన. అప్పటి నుంచి కౌంటరు దగ్గర యజమానికి ఒకమాట చెప్పి, నేరుగా మాస్టర్ దగ్గరికే వెళ్తాను.

ఇక టిఫిన్ల సంగతి. మీ నాలుగు రోజుల్లో ఎక్కువ సాయపడేది ఇదే కాబట్టి వివరంగా రాస్తాను.

ఇడ్లీ అన్నిటికంటే నమ్మకమైనది. బియ్యం రవ్వ, మినప్పప్పు, ఆవిరి. పెనం లేదు, నూనె లేదు, ఇంకో పిండి తగిలే అవకాశం తక్కువ. రవ్వ ఇడ్లీ మాత్రం వేరు, అది బొంబాయి రవ్వతో చేస్తారు, వద్దు. రెండూ ఒకే చోట వేసే హోటల్ అయితే ప్లేట్లు వేరా అని అడగాలి. మా అలవాటు ఏమిటంటే పొద్దున ఆరు, ఆరున్నరకల్లా వెళ్ళి మొదటి వాయి తీసుకోవడం. అప్పటికి పూరీ పిండి ఇంకా బల్ల మీదికి రాదు, మాస్టర్ కూడా రెండు మాటలు మాట్లాడే తీరికలో ఉంటాడు. ఎనిమిది దాటాక ఎంత మంచి హోటల్లో అయినా మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు.

దోశలో పిండి మంచిదే అయినా పెనంతో చిక్కు. అదే పెనం మీద రవ్వ దోశ పోస్తారు, చపాతీ కాలుస్తారు, సాయంత్రం పరోటా కాలుస్తారు. రవ్వ దోశలో మైదా, బొంబాయి రవ్వ రెండూ ఉంటాయి. పెనం మీద నీళ్ళు చల్లి చీపురుతో తుడిస్తే శుభ్రమైనట్టు కాదు, ఆ చీపురుకి అంతకుముందు తుడిచిన పిండే ఉంటుంది. పొద్దున పెనం వేడెక్కాక మొదటి దోశ వేయించుకోగలిగితే పర్వాలేదు. లేకపోతే వదిలేయండి.

పెసరట్టుకీ ఇదే. పెసలు, బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, ఇందులో భయపడాల్సింది లేదు. కానీ పెసరట్టు అనగానే ఉప్మా పెట్టి తేవడం అలవాటు. ఉప్మా అంటే గోధుమ రవ్వ. 'ఉప్మా వద్దు' అని చెబితే కొన్నిసార్లు మడిచి పెట్టిన ఉప్మా తీసేసి అదే అట్టు మళ్ళీ తెస్తారు. కాబట్టి వేయక ముందే చెప్పాలి.

గారె మినప్పప్పుది, కానీ పిండి పలచబడితే కొందరు రవ్వో మైదానో కలుపుతారు. అంతకంటే పెద్ద సమస్య నూనె. ఒకే బాండీలో పూరీ, మైసూర్ బోండా, గారె, బజ్జీ వేస్తారు. మైసూర్ బోండా అంటే మైదాయే. కాగే నూనెలో గ్లూటెన్ మాడిపోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, వేడికి అది నశించదు. పిండి తునకలు నూనెలోనే తిరుగుతూ గారెకి అంటుకుంటాయి. అందుకే బయట నూనెలో వేయించినది ఏదీ బాబుకి పెట్టొద్దని నా గట్టి సలహా. పునుగులు, మిరపకాయ బజ్జీ, అప్పడం కూడా ఇందులోకే వస్తాయి. భోజనంలో అప్పడం బదులు పసుపుపచ్చ గొట్టాలు వేస్తారు చూడండి, అవి చాలావరకు గోధుమ, మైదా పిండితో చేసినవే. పిల్లలు ముందు వాటినే పట్టుకుంటారు, జాగ్రత్త.

చట్నీలు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. పల్లీ, కొబ్బరి, పుట్నాల పప్పు, అల్లం. తాలింపులో ఇంగువ వేశారా అని మాత్రం అడగాలి.

ఇంగువ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కొత్తగా జబ్బు తెలిసినవాళ్ళలో దీన్ని ఊహించేవాళ్ళు అరుదు. అసలు ఇంగువ చెట్టు నుంచి వచ్చే జిగురు, ఘాటు చాలా ఎక్కువ. అలా వాడలేం కాబట్టి దాన్ని పిండితో, తుమ్మ జిగురు లాంటి వాటితో కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా కంపెనీల్లో గోధుమ లేదా మైదా, కొన్నిటిలో బియ్యప్పిండి. పొడి ఇంగువలోనే కాదు, గడ్డ ఇంగువలోనూ ఇంతే. సాంబారు, చారు, పులిహోర, కొన్ని పచ్చళ్ళు, తాలింపు పెట్టిన మజ్జిగ, అన్నిటిలోనూ ఇది ఉండొచ్చు. నేను గోధుమ పూర్తిగా మానేశాక కూడా మూడు నెలలు తగ్గలేదు. మా ఇంటి ఇంగువ డబ్బా వెనక చిన్న అక్షరాలు మా అమ్మాయి చదివిన రోజున కారణం తెలిసింది.

పెద్ద గిన్నెడు సాంబారులో చిటికెడు ఇంగువ వేస్తే ఒక గరిటెలోకి వచ్చేది చాలా తక్కువే. కానీ ఆ మాస్టర్ చిటికెడు వేశాడో చెంచాడు వేశాడో మనకి తెలియదు. మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయడానికి పెట్టిన హద్దు కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాముల గ్లూటెన్. దాన్ని బట్టి ఎంత కొంచెమైనా లెక్కలోకే వస్తుందని మీకు అర్థమవుతుంది. పైగా సాంబారు చిక్కదనం కోసం కొన్నిచోట్ల పిండి కలుపుతారు, అది శనగపిండో, బియ్యప్పిండో, మైదానో. కాబట్టి నా నియమం: హోటల్ సాంబారు, చారు ముట్టను. నా దగ్గర బియ్యప్పిండితో చేసిన ఇంగువ చిన్న సీసాలో ఎప్పుడూ ఉంటుంది. తరచూ వెళ్ళే పాలకొండ హోటల్లో ఆ సీసా ఒకటి ఇచ్చి ఉంచాను. నేను వస్తున్నానని ముందురోజు ఫోన్ చేస్తే ఆ రోజు సాంబారు దానితోనే పెడతారు. నాలుగు రోజుల ప్రయాణానికి ఇంత అక్కర్లేదు, వదిలేయడం తేలిక.

మధ్యాహ్న భోజనానికి పళ్ళెంలో ఏది తినొచ్చో క్రమంగా చెబుతాను. తెల్లన్నం, కరిగించిన నెయ్యి, పెరుగు ధైర్యంగా పెట్టండి. ముద్దపప్పు ఉంటే ఇంకా మంచిది. పాలకూర పప్పు, గోంగూర పప్పు, టమాటా పప్పు అయితే తాలింపులో ఇంగువ గురించి అడగండి. పులుసు కూరలు, ఆవ పెట్టిన కూరలు, ఇగురు కూరలు చాలాసార్లు బాగానే ఉంటాయి. బెండకాయ, దొండకాయ వేపుళ్ళు కరకరలాడుతుంటే అనుమానించాలి, పైన పిండి చల్లి నూనెలో దేవి ఉంటారు. చిక్కటి కుర్మాలు వద్దు. మాంసాహారం తింటారనుకుంటే, కోడికూర, చేపల పులుసు అడిగి తినొచ్చు. వేయించిన చేప, చికెన్ 65, మంచూరియా వద్దే వద్దు, పైపూత మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపినది. ఉడికించిన కోడిగుడ్డు ఎక్కడైనా దొరుకుతుంది, పెంకు తీయకుండా అడిగి తీసుకుని మీరే వలిచి పెట్టండి. ఆమ్లెట్ వద్దు, అది పరోటా పెనం మీద వేసేది.

ఫ్రైడ్ రైస్ బియ్యమే కదా అని ఒక పొరపాటు చాలామంది చేస్తారు. అందులో పోసే సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది, ఆ మూకుడు నూడుల్స్ చేసినదే. బిర్యానీ దీనికంటే నయం. బియ్యం, మాంసం, పెరుగు, మసాలా. నేను తింటాను, కానీ దమ్ బిర్యానీ మాత్రమే, అదీ రెడీమేడ్ మసాలా పొట్లం చూపించమని అడిగి. ప్యాక్ చేసిన ఏ సరుకులో అయినా గోధుమ, బార్లీ లాంటివి ఉంటే లేబుల్ మీద విడిగా చెప్పాలని 2020 నాటి నిబంధనల్లో ఉంది. 'కంటెయిన్స్ వీట్' అనే మాట కోసం చూడండి. హలీంలో మాంసంతో పాటు గోధుమే ముఖ్యం, మీరు హైదరాబాద్ వాళ్ళు కాబట్టి ఈపాటికి తెలిసే ఉంటుంది.

రాత్రిపూట కష్టం. చిన్న ఊళ్ళలో సాయంత్రం ఆరు దాటితే హోటళ్ళ రూపం మారిపోతుంది. అన్నం తగ్గుతుంది, చపాతీ, పరోటా, పుల్కా, నూడుల్స్ బళ్ళు మొదలవుతాయి. పిండి గాలిలో లేచి అన్నిటి మీదా పడుతుంది. శనివారం ఇంకా ఎక్కువ. ఆ రాత్రి అన్నం మానేసి టిఫిన్ తినే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి కదా, ప్రతి హోటల్లోనూ పూరీ, చపాతీ, ఉప్మాలే ఉడుకుతుంటాయి. మీరు వెళ్ళే రోజుల్లో శనివారం ఉంటే ఆ రాత్రికి హోటల్ ఆశ పెట్టుకోకండి. పెద్ద భోజనం మధ్యాహ్నమే పెట్టించి, రాత్రికి అటుకులు, పెరుగు, అరటిపండు, లేదా సాయంత్రం ఇడ్లీ వేసే చోట దొరికితే వేడి ఇడ్లీ పార్శిల్. పార్శిల్ కోసం మీ స్టీలు డబ్బా ఇవ్వండి, చట్నీ విడిగా, ఇడ్లీ మీద ఏమీ పోయొద్దని చెప్పండి.

ఆ డబ్బాతో పాటు ఒక పెట్టె సర్దుకోండి. నేను పెట్టుకునేవి: అటుకులు, మరమరాలు, వేయించిన పల్లీలు, బెల్లం, ఖర్జూరం, సున్నుండలు, ఇంట్లో కొట్టిన కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి, ఒక ఆవకాయ డబ్బా, బాబు పళ్ళెం, గ్లాసు, చెంచా. బియ్యం రవ్వ వేయించి తాలింపు కలిపి తీసుకెళ్తే మరిగే నీళ్ళు పోసి మూతపెడితే ఉప్పిండిలా అవుతుంది. కరెంటు కెటిల్ వాడుకోవచ్చా అని లాడ్జిలో ముందే అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే వేడినీళ్ళు కింద టీ కొట్టులో ఇస్తారు. టీ, కాఫీ, పాలు ఇబ్బంది లేదు. హార్లిక్స్, బూస్ట్ లాంటి మాల్ట్ పొడులు వద్దు, వాటిలోని మాల్ట్ బార్లీతో చేసినది. పాలు ఇచ్చే అబ్బాయి ప్రేమగా ఒక చెంచా వేసేస్తాడు, 'ఒట్టి పాలు, పంచదార మాత్రమే' అని చెప్పాలి.

ఉత్తరాంధ్ర వెళ్తున్నారు కాబట్టి ఒక మంచి సంగతి. రాగుల్ని అక్కడ చోళ్ళు అంటారు, చోడి అంబలి ఎండాకాలంలో బాగా తాగుతారు. బంధువుల ఇంట్లో చోళ్ళు మరపట్టించిన పిండి ఉంటే అంబలి కాచి పెట్టమనండి. ఒకటే అడగాలి, ఆ మర గోధుమలు కూడా పట్టే మరేనా అని. చిన్న ఊళ్ళలో చాలాచోట్ల ఒకే మర. గోధుమలు పట్టిన వెంటనే చోళ్ళు పోస్తే ముందు రాలే పిండిలో గోధుమ ఉంటుంది. ఇంట్లో మిక్సీలో కొట్టుకున్నది అయితే దిగుల్లేదు. ఇదే కారణంతో, చిరుధాన్యాల పేరుతో ఇప్పుడు అన్ని ఊళ్ళలో వస్తున్న దోశలు, బిస్కెట్లు చూసి నమ్మకండి. రాగి, కొర్ర, సామ, జొన్న ఇవేవీ మీ బాబుకి హాని చేయవు, కానీ రాగి బిస్కెట్‌లో మైదా ఉండటం, 'మల్టీగ్రెయిన్' అన్నదాంట్లో గోధుమే ఎక్కువ ఉండటం మామూలే.

రాయలసీమ వైపు వెళ్ళినప్పుడు నాకు పని చాలా సులువు. అక్కడ రాగిసంగటి, ఆదోని వైపు మరమరాలతో చేసే ఉగ్గాని ఉన్నాయి. జొన్నరొట్టె మాత్రం విరిగిపోకుండా ఉండాలని గోధుమపిండి కలుపుతున్నారేమో అడిగి తింటాను.

పెళ్ళి భోజనాల దగ్గరికి వద్దాం. వంట మాస్టర్‌తో పెళ్ళికి ముందురోజే మాట్లాడండి, పెళ్ళిరోజు కాదు. మీ బంధువుల్లో ఆ వంటకి డబ్బు మాట్లాడిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్తే మాటకి బరువు ఉంటుంది. అడగాల్సింది పెద్దదేం కాదు: తాలింపు పెట్టక ముందు ఒక గిన్నె ముద్దపప్పు, ఒక గిన్నె తెల్లన్నం, ఒక కూర విడిగా తీసి మూతపెట్టడం. బాబుని మొదటి బంతిలో, వీలైతే వరస మొదట్లో కూర్చోబెట్టండి. వడ్డించేవాళ్ళు బొబ్బట్టు పట్టుకున్న చేత్తోనే తరవాత పక్క విస్తట్లో గారె పెడతారు. అందుకని విడిగా తీయించిన గిన్నెలోంచి మీరే వడ్డించండి. బఫే అయితే అందరూ చెంచాలు తారుమారు చేస్తారు, మూతలు తీయకముందే పెట్టుకోవాలి.

స్వీట్ల విషయంలో పిల్లాడి మనసు కష్టపెట్టకుండా ముందే తెలిసి ఉండాలి. అరిసె బియ్యప్పిండి, బెల్లం. సున్నుండ మినప్పిండి. పూతరేకు బియ్యపు గంజి పొర. పాలకోవా పాలు. ఇవి ఇంట్లో చేసినవైతే నిశ్చింతగా పెట్టొచ్చు. అరిసెలు వేయించిన నూనె ఒక్కటి కనుక్కోండి. బూందీ లడ్డు, మిఠాయి ఉండ శనగపిండివే కానీ బాండీ నూనె ప్రశ్న ఉండనే ఉంది. వద్దనేవి: బొబ్బట్లు, కజ్జికాయలు, కాజా, జిలేబి, గులాబ్ జామున్, రవ్వలడ్డు, సేమియా పాయసం. ఇక హల్వా. బందరు హల్వా, మాడుగుల హల్వా చూడటానికి నెయ్యి, జీడిపప్పులతో మెరుస్తూ పిండి ఆనవాలే కనపడదు. రెండూ గోధుమ పాలతో చేసేవే. మాడుగుల మీరు వెళ్ళే వైపే, ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు.

పెద్దవాళ్ళు 'పిల్లాడికి ఒక్క ముక్క పెడితే ఏమవుతుంది, కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే సర్దుకుంటుంది' అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఈ జబ్బులో అలవాటు పడటం ఉండదు. గోధుమ లోపలికి వెళ్ళిన ప్రతిసారీ శరీరమే తన చిన్నపేగుని దెబ్బతీస్తుంది. కొందరిలో బయటికి ఏ లక్షణమూ కనపడదు, లోపల నష్టం మాత్రం జరుగుతుంది. మీ అత్తగారితో, అమ్మగారితో ఈ సంగతి వెళ్ళకముందే ఒకసారి నింపాదిగా చెప్పండి. ఒకసారి అర్థమైతే పెళ్ళింట్లో మీ కంటే గట్టి కాపలా వాళ్ళే. మా అత్తగారు ఇప్పుడు నా పళ్ళెం దగ్గరికి ఇంకో గరిటె రానివ్వరు.

బాబుకి కూడా ఒక్క వాక్యం నేర్పండి: 'అమ్మ చూశాకే తింటాను.' ఏది మంచిది, ఏది కాదు అనే జాబితా తొమ్మిదేళ్ళ పిల్లాడు మోయలేడు. ఈ ఒక్క మాట మోయగలడు. జేబులో రెండు సున్నుండలు, బెల్లం పల్లీ చిక్కీ ఉంచితే తోటి పిల్లలు తింటున్నప్పుడు చేతులు ఖాళీగా ఉండవు. నేను ఈ జబ్బు పెద్దయ్యాక తెచ్చుకున్నవాణ్ణి. అయినా అందరూ తింటుంటే ఒట్టి చేతులతో కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. చిన్నపిల్లాడికి ఇంకెంత ఉంటుందో.

ఇంత చేసినా ఎక్కడో పొరపాటు జరగొచ్చు. నాకు ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు జరుగుతుంది. లోపలికి వెళ్ళిన గ్లూటెన్‌ని విరిచే నమ్మదగ్గ మాత్ర ఏదీ లేదు. నీళ్ళు, విశ్రాంతి, మెత్తటి అన్నం, మజ్జిగ. వాంతులు, విరేచనాలు ఎక్కువైతే ఓఆర్ఎస్ పట్టించి డాక్టరుకి చూపించండి. ఏం తిన్నాడో, ఎక్కడ తిన్నాడో రాసి పెట్టుకుంటే తరవాత కారణం దొరుకుతుంది. మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఒక్క పొరపాటుతో ఇన్నాళ్ళ పథ్యమంతా వృథా అయిపోదు, తరవాతి పూట నుంచి మళ్ళీ జాగ్రత్తగా ఉంటే చాలు.

ఈ సమాధానం చదివే మిగతావాళ్ళకి రెండు మాటలు. గోధుమ ఎలర్జీ వేరు, సీలియాక్ వేరు. ఎలర్జీ ఉన్నవాళ్ళకి తిన్న కాసేపటికే పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం జరిగితే అది అత్యవసరం, ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంకొకటి, నాకూ ఇదే జబ్బేమో అనిపించి పరీక్షకి ముందే గోధుమ మానేయకండి. మానేస్తే రక్తపరీక్షలో, బయాప్సీలో (పేగు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) జబ్బు కనపడకపోవచ్చు. ముందు పరీక్ష, తరవాతే పథ్యం.

అమ్మా, మీరు రైల్లో విశాఖ వైపుగా వెళ్తున్నట్టయితే చివరి జాగ్రత్త ఒకటి. రైల్లో అమ్మే కట్లెట్‌కి బ్రెడ్డు పొడి ఉంటుంది, సూప్‌లో మైదా ఉండొచ్చు. మొదటి పూటకి ఇంటి నుంచే పెరుగన్నం తీసుకెళ్ళండి. దారిలో అన్నవరం వస్తుంది. పెళ్ళికి వచ్చిన బంధువుల్లో ఎవరో ఒకరు సత్యనారాయణస్వామి ప్రసాదం ఆకు పొట్లంలో తెచ్చి పిల్లాడి చేతిలో పెడతారు. అది గోధుమ నూకతో చేసే ప్రసాదం. ప్రసాదం వద్దనడం మనకి నోరు రాదు. నేను రెండు చేతులా తీసుకుని, కళ్ళకద్దుకుని, పక్కన ఉన్నవాళ్ళకి ఇచ్చేసి చేతులు కడుక్కుంటాను. బాబుకి కూడా అలాగే నేర్పండి.